మోరి గొంతు, ఆరు ఆపరేటర్లు

ఎఫ్‌ఎం సింథసైజర్ కొరుకుడు పడని యంత్రమని నలభై ఏళ్లుగా పేరుబడింది. 1983లో యమహా కంపెనీ డీఎక్స్ 7ను అమ్మకానికి తెచ్చినప్పుడు కొన్నవాళ్లలో ఎక్కువమంది కంపెనీ నింపి ఇచ్చిన 32 ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. రిపేరుకు వచ్చిన వాటిలో సైతం ఆ ధ్వనులు ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండేవని ఒక ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు వరసల చిన్న తెర, చదునైన బటన్లు, ఒక్కో ధ్వని వెనక దాదాపు నూటయాభై అంకెలు. వాళ్లు జంకారంటే తప్పుపట్టలేం.

అయినా ఆ పేరు సగమే న్యాయం. ఎఫ్‌ఎంలో లెక్క పెద్ద అడ్డంకి కాదు. ఏ ధ్వని కావాలో చెవిలో స్పష్టంగా లేకుండా అంకెలు మార్చుకుంటూ పోవడమే అసలు చిక్కు. మిగతా సింథసైజర్లలో గుడ్డిగా మీట తిప్పినా ఏదో ఒక తియ్యని ధ్వని పలుకుతుంది. ఎఫ్‌ఎం అలా క్షమించదు. ఒక అంకె అటో ఇటో జరిగితే గంట కాస్తా గరగరైపోతుంది. కాబట్టి ఈ విద్యకు ముందు కావలసింది గురి. ఆ గురి తూర్పు కనుమల్లో, ముఖ్యంగా అరకు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఇంటి ముందరే ఉందన్నది ఈ వ్యాసం వాదన.

అరకు గిరిజనుల థింసా ఆటకు కూడే వాద్యాలను చూడండి. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు. వాటితో కలిసి ఆడవాళ్ల కాళ్ల అందెలు, గజ్జెలు. చైత్రంలో ఇటుకల పండగ వచ్చిందంటే బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ పల్లెల్లో ఇవన్నీ ఒకేసారి మోగుతాయి. ఒక్కటీ మెత్తటి తీగవాద్యం కాదు. కొట్టేవి, మోగేవి, ఊదేవి, అందులోనూ ముక్కుగొంతుతో పలికేవి. సరిగ్గా ఈ నాలుగు రకాల్లోనే ఎఫ్‌ఎం మిగతా పద్ధతుల కంటే ముందుంటుంది. వయొలిన్ల గుంపు కావాలనుకునేవాడికి అది అంతగా అక్కరకు రాదు. లోహం, తోలు, పుల్ల కావాలనుకునేవాడికి దానికి మించింది లేదు.

ఎఫ్‌ఎం అనగానే మనవాళ్లకు రేడియో గుర్తొస్తుంది. సూత్రం అదే. రేడియోలో ఒక అలను మరో అల ఊపుతుంది. అక్కడ మోసే అల కోట్ల హెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి మన చెవికి అందదు. సింథసైజర్లో ఊగే అలా, ఊపే అలా రెండూ చెవికి వినపడే మేరలోనే ఉంటాయి. వీణ మీద ఒక స్వరాన్ని గమకంతో కిందికీ మీదికీ ఊపుతున్నారనుకోండి. సెకనుకు ఐదారు ఊపులైతే గమకమని తెలుస్తుంది. ఇరవై దాటి వందలకు వెళితే చెవి ఇక ఊపును పట్టుకోలేదు. స్వరం ఊగడం మానేసి, కొత్త గొంతుతో పలికినట్టు వినిపిస్తుంది. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటర్ మీద ఈ ఊపును పెంచుకుంటూ పోతుండగా చెవికి తగిలింది ఇదే. ఆయన ఇంజనీరు కాడు, డ్రమ్ములు వాయించినవాడు, పారిస్‌లో నాదియా బులాంజే దగ్గర స్వరరచన నేర్చుకున్నవాడు. ఈ విద్యను కనిపెట్టింది ఒక తాళగాడి చెవి అన్న సంగతి మన ప్రాంతం వాళ్లు మనసులో పెట్టుకోదగ్గది.

చౌనింగ్ 1973లో ప్రచురించిన పరిశోధన పత్రం తొమ్మిది పేజీలే. ఈ పద్ధతిని స్టాన్‌ఫర్డ్ వాళ్లు ముందు అమెరికన్ ఆర్గన్ కంపెనీలకు చూపించారు. వాళ్లకు దాని విలువ అర్థం కాలేదు. యమహా ఇంజనీరు ఇషిమురాకు కొద్ది నిమిషాల్లోనే అర్థమైందని చౌనింగే చెప్పాడు. ఆ తర్వాత విశ్వవిద్యాలయానికి రెండు కోట్ల డాలర్లకు పైగా రాబడి వచ్చింది. 1990ల నడుమ పేటెంటు గడువు తీరింది. ఇప్పుడు ఎవరైనా ఎఫ్‌ఎం వాడుకోవచ్చు.

ఇక లోపలి పని. ఊగే అలను క్యారియర్ అంటారు, ఊపేదాన్ని మాడ్యులేటర్. వీటిలో ఏ పని చేసేదైనా ఆపరేటరే, డీఎక్స్ 7లో అలాంటివి ఆరు. సాధన చేసేవాడు పట్టుకోవలసినవి మూడే. ఆ రెండింటి నిష్పత్తి, ఎంత గట్టిగా ఊపుతోందన్న ఇండెక్స్, కాలంతో పాటు ఈ ఊపు ఎలా పెరిగి తగ్గుతుందో చెప్పే ఎన్వెలప్. ఇందులో నిష్పత్తి జాతిని తేలుస్తుంది, ఇండెక్స్ మెరుపును, ఎన్వెలప్ ప్రాణాన్ని ఇస్తాయి. మిగిలిన నూటికి పైగా అంకెలన్నీ ఈ మూడింటి సంతానమే.

చౌనింగ్ పత్రంలోని గంట ఉదాహరణ చూస్తే నిష్పత్తి మహిమ తెలుస్తుంది. క్యారియర్ 200 హెర్ట్జ్, మాడ్యులేటర్ 280. కలుపుతూ పోతే పైకి 480, 760, 1040 వస్తాయి. కిందికి తీసేస్తూ పోతే సున్నా దాటి వెనక్కి మడత పడి 80, 360, 640 అవుతాయి. ఇవే పక్క స్వరాలు. ఈ ఆరింటిలో ఒక్కటీ 200కు సరిగ్గా రెట్టింపో మూడింతలో కాదు. అందుకే చెవికి అది పాటలోని స్వరంలా కాక కంచు మోగినట్టు వినిపిస్తుంది. ఇండెక్స్ 10 దగ్గర మొదలై పదిహేను సెకన్లలో సున్నాకు జారాలి. మొదట ఖణేలుమని, చివర ఒంటి స్వరంగా సన్నగిల్లడం అంతా ఆ జారుడులోనే ఉంది. నిష్పత్తిని మార్చకుండా వ్యవధిని ఐదోవంతు సెకనుకు కుదించి, ఇండెక్స్‌ను 2కు తగ్గిస్తే అదే గంట డోలు దెబ్బవుతుంది. ఈ ఒక్క ప్రయోగం చేసి చూడనివాళ్లకు ఎఫ్‌ఎం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా లాభం లేదని నా అభిప్రాయం.

తుడుముకు దారి ఇంకా దగ్గర. గిన్నె మీద తోలు బిగించిన ఆ వాద్యంలో కర్ర తగిలిన క్షణానికీ, తర్వాతి గుమ్ముకూ పొత్తు ఉండదు. చౌనింగ్ కొయ్యడోలుకు ఇచ్చిన అంకెలు 80, 55. ఇండెక్స్ ఏకంగా 25. కానీ అది కనురెప్ప పాటులో పడిపోవాలి. కర్ర చప్పుడు ఆ పాతికలో ఉంది, గుమ్ము అది పడిపోయిన తర్వాత మిగిలిన 80లో ఉంది. దీన్నుంచి మొదలుపెట్టి, స్వరం తొలి క్షణంలో కాస్త పైనుంచి కిందికి జారేలా పిచ్ ఎన్వెలప్ పెడితే తోలు సాగిన భావం వస్తుంది. డప్పుకైతే ఇది చాలదు. దాని దెబ్బలో గరుకు ఎక్కువ. ఆపరేటర్ తనను తానే ఊపుకునే ఫీడ్‌బ్యాక్ అనే సౌకర్యం డీఎక్స్ 7లో సున్నా నుంచి 7 దాకా ఉంటుంది. కొసకు తీసుకెళితే స్వరం చెడి దాదాపు గాలిరొద అవుతుంది. డప్పును వేడి చేసి బిగించిన తర్వాత వచ్చే చురుకు కావాలంటే ఆ రొదను కొద్దిగా, అదీ ఆరంభంలోనే కలపాలి.

జోడుకొమ్ములకు చరిత్ర కూడా తోడుంది. గట్టిగా ఊదేకొద్దీ బాకాలో పై స్వరాంశాలు ఎక్కువవుతాయని 1960ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్‌క్లోద్ రిసే అనే పరిశోధకుడు తేల్చాడు. చౌనింగ్ చేసిందల్లా ధ్వని పెరిగే వంపునే ఇండెక్స్‌కూ కట్టేయడం. నిష్పత్తి ఒకటికి ఒకటి, ఇండెక్స్ గరిష్ఠం 5. ఊపిరి పెరిగితే మెరుపు పెరుగుతుంది. ఇత్తడి వాద్యాలన్నింటికీ ఇదే పునాది. రెండు కొమ్ములు కలిసి మోగేటప్పుడు శ్రుతిలో ఉండే ఆ కొద్ది తేడాను డీట్యూన్‌తో తెచ్చుకోవచ్చు. ఆ తేడా లేకపోతే అది కొమ్ముల జోడు కాదు, ఒక కొమ్ము రెండింతల శబ్దం మాత్రమే.

మోరి దగ్గరే అసలు పరీక్ష. అది సన్నాయి కుటుంబం. పుల్ల అదురుతుంది, గొట్టం ఆ అదురును కొన్ని చోట్ల పెంచుతుంది, ముక్కుతో పాడినట్టు ధ్వని వస్తుంది. బసూన్ అనే పాశ్చాత్య పుల్లవాద్యానికి చౌనింగ్ వాడిన కిటుకు ఇక్కడా పనికొస్తుంది. స్వరం 100 హెర్ట్జ్ కావాలంటే క్యారియర్‌ను 100 దగ్గర పెట్టకూడదు, ఐదింతల పైన 500 దగ్గర పెట్టి 100తో ఊపాలి. చెవికి వినపడే శ్రుతి 100యే. బలం మాత్రం 500 చుట్టూ పోగవుతుంది. ఆ పోగే ముక్కుగొంతు. మోరి శ్రుతి బసూన్ కంటే చాలా పైన ఉంటుంది కనుక ఐదు కాకుండా మూడు నుంచి మొదలెట్టడం మేలు. చిక్కు ఏమిటంటే, నిజమైన మోరిలో ఆ బలమైన చోటు గొట్టానిది కాబట్టి పెద్దగా కదలదు. నిష్పత్తితో కట్టిన ధ్వనిలోనేమో స్వరంతో పాటు అదీ పైకెక్కుతుంది. కింది స్వరాల్లో అచ్చం మోరిలా ఉన్నది పై స్వరాల్లో బొమ్మ సన్నాయి అయిపోతుంది. ఆరు ఆపరేటర్లు ఉన్నందుకు ఇక్కడ ప్రయోజనం ఉంది. ఒక జత కింది స్వరాలకు, మరో జత పై స్వరాలకు కట్టి, కీబోర్డు మీద ఎక్కడ ఏది తగ్గాలో లెవెల్ స్కేలింగ్‌తో చెప్పాలి. ఓపిక పరీక్షించే పనే. దీనితో ఒక వారం కుస్తీ పడితే ఎఫ్‌ఎం సగం వచ్చేసినట్టే.

గజ్జెల విషయంలో సింథసైజర్‌ను నమ్ముకుని లాభం లేదు. ఒక గజ్జెను కట్టడం సులువు. కానీ గజ్జెల ధ్వని అంటే వందల చిన్న దెబ్బలు, ఏ రెండూ ఒక్క క్షణంలో పడనివి. అది స్వరానికి సంబంధించింది కాదు, నడకకు సంబంధించింది. పశువుల మెడలోని చెక్క గంటలు మాత్రం అందంగా కుదురుతాయి. ఆవు కదిలినప్పుడు మోగే ఆ బోలు ధ్వనికి ఒకటికి రెండు నిష్పత్తి పెడితే బేసి స్వరాంశాలే వస్తాయి, కొయ్యతనం వస్తుంది.

ఇక నేర్చుకునే దారులు. వాటిలో గణితంతో మొదలుపెట్టేది ఒకటి. ఇంజనీరింగ్‌లో ఈసీఈ చదివినవాళ్లు బెసెల్ ఫంక్షన్ల పట్టికను పరీక్షకు బట్టీపట్టినవాళ్లే. పక్క స్వరాల బలాన్ని చెప్పేది ఆ పట్టికే అని ఆ తరగతిలో ఎవరైనా ఒక గంట మోగించి వినిపించి ఉంటే ఎంత బాగుండేది! పట్టిక తెలియడం మంచిదే, అయితే తప్పనిసరి కాదు. ఇండెక్స్‌కు ఒకటి కలిపితే ఎన్ని జతల పక్క స్వరాలు గట్టిగా వినిపిస్తాయో రమారమి తెలుస్తుందన్న ఒక్క గుర్తుతో అభిరుచి కోసం చేసేవాడికి గడిచిపోతుంది.

తయారైన ధ్వనులను విప్పి చూడటం ఇంకో దారి. నా లెక్కలో ఇది ఎక్కువ ఫలమిచ్చేది. డీఎక్స్ 7లో ఈ.పియానో 1 అనే ధ్వని 1980ల పాటల్లో మారుమోగింది. అందులో మూడు జతలున్నాయి. ఒక జతలో మాడ్యులేటర్ పద్నాలుగింతల పైన ఉంటుంది. దాన్ని ఆపితే పియానో నుంచి లోహపు టింగుమనే ఆరంభం ఒక్కటే మాయమవుతుంది. ఏ ఆపరేటర్ దేన్ని ఊపాలో చెప్పే అమరికను అల్గారిథమ్ అంటారు. అదే అల్గారిథమ్‌లో కట్టిన ట్యూబ్యులర్ బెల్స్‌లో నిష్పత్తి మూడున్నర. ఇలా ఒక్కో ఆపరేటర్‌ను ఆపుతూ, తెరుస్తూ విన్నవాడికి 32 అల్గారిథమ్‌ల పటం చూస్తే భయం ఉండదు. అందులో సగానికి పైగా జతలూ, వరుసలూ అటూఇటూ కుదిర్చినవే.

ధ్వనుల బ్యాంకులు పోగేయడం మూడో దారి. 32 ధ్వనుల బ్యాంకు ఒకటి 4104 బైట్లు, అంటే ఒక చిన్న ఫొటో కంటే ఎంతో తక్కువ. కాబట్టి వేలకు వేలు దాచుకోవచ్చు. ఇదొక వ్యసనం. వెతకడంలో గడిచే సాయంత్రాలు చేయడంలో గడవవు. ముందు బ్యాంకులన్నీ మూసేసి, ఖాళీ ధ్వనితో, రెండే ఆపరేటర్లతో నెల రోజులు ఉండగలిగినవాళ్లు ముందుకెళతారు. ఆరూ ఒకేసారి తెరిచినవాళ్లు సాధారణంగా వదిలేస్తారు.

ఒక ఆచరణ సంగతి ఇక్కడ చెప్పాలి. డీఎక్స్ 7 కుటుంబంలో మాడ్యులేటర్ లెవెల్ సున్నా నుంచి 99 వరకు ఉంటుంది గానీ, ఆ అంకెలు సమంగా నడవవు. ఎనిమిది అంకెలు పెంచితే ఊపు రెట్టింపవుతుంది. కాబట్టి 40 దాకా ఏమీ జరగనట్టుంటుంది, 60 నుంచి 85 మధ్య లోకమంతా ఉంటుంది, 90 దాటాక అరుపే. కొత్తవాళ్లు చేతులెత్తేసేది ఈ మెట్లు తెలియకే.

పరికరాల మాటకొస్తే మన ప్రాంతంలో గందరగోళం ఎక్కువ. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో కనిపించే పీఎస్‌ఆర్ కీబోర్డులు యమహావే అయినా వాటిలోని ధ్వనులు రికార్డు చేసిన శాంపిళ్లు. అక్కడ ఎఫ్‌ఎం నేర్చుకోవడానికి ఏమీ లేదు. పాతవాటిలో పీఎస్‌ఎస్-480 వంటి చిన్న పోర్టాసౌండ్‌లలో రెండు ఆపరేటర్ల ఎఫ్‌ఎం, దాన్ని మార్చే బటన్లు ఉండేవి. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే మొదటి బడిగా అంతకంటే మంచిది లేదు. కొత్తవాటిలో 2015 నాటి రీఫేస్ డీఎక్స్ నాలుగు ఆపరేటర్లది, వేలితో తాకి మార్చుకునేది. 2016లో వచ్చిన కోర్గ్ వోల్కా ఎఫ్‌ఎం పాత డీఎక్స్ 7 ధ్వనులను నేరుగా చదువుతుంది. 2018 నాటి డిజిటోన్ లాంటివి ధరలో అభిరుచిని దాటి వృత్తిలోకి పోతాయి.

నిజానికి వీటిలో ఏదీ కొనక్కర్లేదు. డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డీఎక్స్ 7ను దాదాపు అక్షరాలా అనుకరిస్తుంది, ఆరు ఆపరేటర్లూ ఒకే తెర మీద కనిపిస్తాయి. దాని గుండెకాయగా ఉన్న కోడ్‌ను రాఫ్ లెవియన్ మొదట ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం రాశాడు. పరిమాణం చిన్నది. కొండ మీద సిగ్నల్ అందిన పూట ఒకసారి దించుకుంటే మళ్లీ ఇంటర్నెట్‌తో పని లేదు. పాత ల్యాప్‌టాప్ చాలు, హెడ్‌ఫోన్ మాత్రం కాస్త మంచిది ఉండాలి. ఎఫ్‌ఎం జీవమంతా పై స్వరాంశాల్లో ఉంటుంది. చౌక ఇయర్‌ఫోన్ వాటిని మింగేస్తే చేసేవాడు తెలియక ఇండెక్స్ పెంచుకుంటూ పోతాడు.

మనం ఎఫ్‌ఎంకు కొత్తవాళ్లమేమీ కాదు. కంప్యూటర్లలో సౌండ్‌బ్లాస్టర్ కార్డు పెట్టి ఆటలాడిన తరం విన్నది యమహా ఎఫ్‌ఎం చిప్పునే. 2000 తర్వాత వచ్చిన పాలిఫోనిక్ రింగ్‌టోన్‌ల ఫోన్లలో చాలా వాటిలో ఉన్నదీ అదే జాతి చిప్పు. సినిమాకొస్తే, ఇళయరాజా 1986లో ‘పున్నగై మన్నన్’కు కంప్యూటర్‌తో సంగీతం కూర్చారు. తెలుగులో అది ‘డాన్స్ మాస్టర్’. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ కూడా ఆ కాలంలో తయారైనవాడే. ఆ దశకం తెలుగు పాటల్లో గాజులాంటి పియానో, గంటలాంటి తీగ వినిపిస్తే అనుమానించాల్సింది ముందు డీఎక్స్ కుటుంబాన్నే. ఇన్నేళ్లూ విన్నాం, వాయించాం. లోపల ఏముందో విప్పిచూసినవాళ్లు తక్కువ.

ఇంకో ప్రశ్న మిగిలింది. మోరిని యంత్రంలో కట్టడం అసలు చేయదగిన పనేనా? రిసార్టుల్లో పర్యాటకుల కోసం థింసా ఆడుతున్నారు. రేపు వాద్యకారులను తగ్గించి కీబోర్డుతో సరిపెట్టే నిర్వాహకుడు తప్పక వస్తాడు. ఆ భయం నిరాధారం కాదు. అయితే ఆ పని చేయదలచినవాడికి ఎఫ్‌ఎంతో కుస్తీ పట్టే తీరిక ఉండదు. ఒక వాద్యకారుడి ఊపిరిని రికార్డు చేసుకుని, పేరు చెప్పకుండా, డబ్బివ్వకుండా శాంపిల్‌గా వాడేస్తాడు. నాకు అదే పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది. ఎఫ్‌ఎంతో కట్టిన ధ్వనిలో ఎవరి ఊపిరీ లేదు, కట్టినవాడు విన్నది మాత్రమే ఉంది. సరిగా వినాలంటే అతను వాయించేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోక తప్పదు. ఆ కారణంగానే కొండ పల్లెల పిల్లలకు ఇది నేర్పడం మంచిదంటాను. ఒక్క షరతు. తయారైన ధ్వనికి ‘మోరి’ అని పేరు పెట్టకూడదు. ‘పుల్ల 3’ అనో ‘ముక్కుగొంతు’ అనో పెట్టుకోవచ్చు. పేరు వాద్యానిది, వాద్యం వాళ్లది.

ఎంత చేసినా అందనివి కొన్ని ఉంటాయి. మోరి వాయించేవాడు పెదవితో పుల్లను నొక్కి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతాడు. మధ్యలో ఊపిరి పెంచి తగ్గిస్తాడు. కీబోర్డు మీట ఒకసారి నొక్కితే ఒకే మాట చెబుతుంది. యమహా దీన్ని ఊహించే డీఎక్స్ 7లో బ్రెత్ కంట్రోలర్‌కు ఒక రంధ్రం పెట్టింది. ఆ కంట్రోలర్‌ను నోట్లో పెట్టుకుని ఊదితే ఇండెక్స్ మారేలా అమర్చుకోవచ్చు. ఊదే వాద్యాలకు ఎఫ్‌ఎంలో అంతకు మించిన ఉపాయం లేదు, కానీ జనం పెద్దగా వాడలేదు. డెక్స్‌డ్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. ఊదే పరికరం లేనివాళ్లు మాడ్యులేషన్ చక్రంతో సరిపెట్టుకోవాలి. ఎడమ చేత్తో చక్రాన్ని ఊపిరిలా తిప్పడం అలవాటు చేసుకోవడానికి నెలలు పడుతుంది.

చివరగా, గదిలో హెడ్‌ఫోన్‌తో కట్టిన ధ్వనిని ఒకసారి స్పీకర్ పెట్టి ఆరుబయట వినాలి. తుడుము, మోరి బయలులో పలకడానికి పుట్టినవి. కాబట్టి వాటి గురితో కట్టిన ధ్వని గది దాటగానే చప్పబడితే మాడ్యులేటర్‌ను నాలుగైదు అంకెలు పెంచి, జారుడును కాస్త నెమ్మది చేయండి. గదిలో అది కటువుగా వినిపిస్తుంది. అలాగే ఉండనివ్వండి.